ఖాళీలు ఉంచరాదు

రాజధాని నుంచి తాటిలంక మునిసిపాలిటీకి వచ్చిన సర్క్యులరు నాలుగు పేజీలది. మొదటి మూడు పేజీలూ కంప్యూటరులో తెరుచుకోలేదు. నాలుగో పేజీ తెరుచుకుంది. దాని మీద ఒకే ఒక వాక్యం, దాని కింద ఒక సంతకం ఉన్నాయి.

"ఇకమీదట ఏ కార్యాలయమునందును, ఎట్టి పరిస్థితులలోను ఖాళీలు ఉంచరాదు."

మిగతా మూడు పేజీల్లో ఏముందో కనుక్కుందామని కమిషనరు తాళ్ళూరి పరంధామయ్యగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆయన వినేవారు కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో పైవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదాయన. ఉత్తర్వు అర్థం చేసుకోవడానికి కాదు, అమలు చేయడానికి అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో ఖాళీ కుర్చీల మీద పాత ఫైళ్ళు పెట్టించారు. ఖాళీ బీరువాల్లో ఇంకా పాత ఫైళ్ళు పెట్టించారు. నోటీసు బోర్డులో జాగా మిగిలితే నిరుటి నోటీసులు మళ్ళీ అంటించారు. పని మీద వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చోటు లేక నిలబడ్డారు. నిలబడినవాళ్ళతో వరండా కూడా నిండింది. పరంధామయ్యగారు గదిలోంచి బయటికి వచ్చి చూసి, సంతృప్తిగా తల ఊపి లోపలికి వెళ్ళారు.

అదే వారంలో పేర్ల పని వచ్చి పడింది.

ఊళ్ళో పుట్టినవాళ్ళ పేర్లన్నీ కంప్యూటరులో మూడు గడుల్లో ఉన్నాయి. ఒక గడిలో ఇంటిపేరు, రెండో దానిలో పేరు, మూడో దానిలో తండ్రి పేరు. కొత్త పద్ధతిలో మూడు గడులు కుదరవు, ఒక్కటే ఉండాలన్నారు. ఆ పని కంప్యూటరు ఆపరేటరు నేలపూడి యేసుపాదం మీద పడింది. యేసుపాదం పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. పని తెలిసినవాడు. అందువల్లే ఎక్కువ మాట్లాడడు.

"ఇందులో కాన్‌క్యాట్ అని ఒక సూత్రం ఉందండి," అన్నాడు కమిషనరు ముందు నిలబడి. "కంప్యూటరు చేసినోళ్ళే ముందుగా పెట్టి ఇచ్చారు. ఇంటిపేరూ పేరూ తండ్రి పేరూ దాని చేతికిస్తే, మూడూ అతికించి ఒకటి చేసి ఇచ్చేస్తుందండి."

"సంయోజక ప్రక్రియ అనుము."

"అలాగేనండి. కాకపోతే, అది ఇచ్చింది ఇచ్చినట్టే అతికిస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కావాలంటే ఆ ఖాళీని కూడా మనమే ఇవ్వాలండి. పేరుకి రెండేసి ఖాళీలు."

పరంధామయ్యగారు కళ్ళజోడు తీశారు.

"మొత్తం పేర్లెన్ని?"

"నలభై ఒక్క వేలండి."

"అంటే ఎనభై రెండు వేల ఖాళీలు. ఖాళీలు ఉంచరాదన్న ఉత్తర్వు అందిన వారం తిరక్కుండా, ఎనభై రెండు వేల కొత్త ఖాళీలు సృష్టించమని నా చేత సంతకం పెట్టిస్తావన్నమాట."

"ఆ ఖాళీ వేరండి, ఈ ఖాళీ..."

"ఖాళీల్లో రకాలున్నట్టు సర్క్యులరులో ఉందా?"

"లేదండి."

"నీకు నా మీద ఏమన్నా కోపం ఉందా?"

"అయ్యో, లేదండి."

పేర్లన్నీ ఖాళీ లేకుండా అతుక్కున్నాయి. పిల్లి సింహాచలం, తండ్రి పోలయ్య అన్నవాడు పిల్లిసింహాచలంపోలయ్య అయ్యాడు. మనుషులు దానికి అలవాటు పడిపోయారు. ఒక్క నీళ్ళ బండి దగ్గరే కొంచెం ఇబ్బంది వచ్చింది. నాలుగో వార్డులో బండి రాదమ్మ అనే ఆవిడ ఉంది. జాబితా చదివే మనిషి తండ్రి పేరు దాకా పోకముందే, "బండిరాదమ్మ" అని గట్టిగా కేక వేసేసరికి, వరసలో నిలబడిన ఆడవాళ్ళంతా నిట్టూర్చి బిందెలు ఎత్తుకుని ఇళ్ళకు పోయారు. బండి వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోయింది. వరుసగా మూడు రోజులు అలాగే జరిగింది.

ఇలా ఉండగా గుత్తుల నూకరత్నం కూతురు హిమజకు, జిల్లా కేంద్రంలో ఉన్న నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది.

నూకరత్నం మార్కెట్ వీధిలో జాకెట్లు కుడుతుంది. మనిషి పొట్టి, మాట కచ్చితం. పండగ ముందు ఎవరు ఎంత బతిమాలినా, ఇచ్చిన తారీఖుకంటే ఒక రోజు ముందివ్వదు, ఒక రోజు ఆలస్యం చేయదు. హిమజ ఆవిడకు ఒక్కతే కూతురు. సర్టిఫికెట్లన్నీ పట్టుకుని ఇరవయ్యో తారీఖులోగా కాలేజీకి రావాలనీ, పుట్టిన సర్టిఫికెట్టు మాత్రం కొత్త పద్ధతిలోదే కావాలనీ ఉత్తరం వచ్చింది. తల్లీకూతుళ్ళు ఆరో తారీఖు పొద్దున్నే మునిసిపాలిటీకి వెళ్ళారు.

యేసుపాదం మీట నొక్కాడు. సర్టిఫికెట్టు వచ్చింది. పుట్టిన తేదీ ఉంది. పుట్టిన ఆసుపత్రి ఉంది. పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఇదేంటండి? పేరేదండి?" అంది నూకరత్నం.

యేసుపాదం మొహం వాడిపోయింది. ఇలా వస్తుందని అతనికి తెలుసు. "అమ్మా, మీ అమ్మాయికి తండ్రి పేరు గడి ఖాళీగా ఉందండి. ఈ సూత్రానికి ఒక దుర్గుణం ఉంది. మూడిట్లో ఒక్కటి ఖాళీ అయినా, మిగతా రెండూ ఉన్నా సరే, మొత్తం ఖాళీ అని తేల్చేస్తుంది."

"నాన్న లేకపోతే నేనూ లేనట్టేనా?" అంది హిమజ.

"కంప్యూటరు లెక్కలో అంతేనమ్మా."

"మరి మీ లెక్కలో?"

యేసుపాదం లేచి కమిషనరు గదిలోకి వెళ్ళాడు. ఖాళీలను దాటేసి, ఉన్నవాటినే కలిపే సూత్రం ఇంకొకటి ఉందని, అది వాడితే ఏ గొడవా ఉండదని మనవి చేశాడు.

"దాటవేయడమా?" అన్నారు పరంధామయ్యగారు. "ఖాళీని చూసి కూడా చూడనట్టు దాటవేస్తే, రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు నన్ను దాటవేస్తారా? ఖాళీని నింపాలి. అక్కడ ఏదో ఒకటి రాయి."

"ఏం రాయమంటారండి?"

"ఉన్నది రాయి. తండ్రి లేడు. కాబట్టి లేదు అని రాయి. సత్యమేవ జయతే."

యేసుపాదం మూడో గడిలో "లేదు" అని కొట్టి, మీట నొక్కాడు. ఈసారి పేరు వచ్చింది. తల్లీకూతుళ్ళు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మర్నాడు బస్సెక్కి కాలేజీకి వెళ్ళారు. అక్కడ అడ్మిషన్ల గుమాస్తా కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు.

"గుత్తుల హిమజ లేదు."

"ఉందండి. ఇదిగో ఈ పిల్లేనండి," అంది నూకరత్నం.

"మునిసిపాలిటీవారు హిమజ లేదని ముద్ర వేసి మరీ చెప్తున్నారు. మీరేమో ఉందంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?"

"మీ కళ్ళెదురుగానే ఉంది కదండి బాబూ!"

"ఎదురుగా ఉండటం వేరమ్మా, కాగితంలో ఉండటం వేరు. లేని అమ్మాయికి సీటిచ్చామని రేపు నా మీదికి వస్తుంది." ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు. హిమజ కళ్ళలో నీళ్ళు చూసి, గొంతు తగ్గించాడు. "ఇరవయ్యో తారీఖు దాకా టైముంది. సరిచేయించుకు రండి. సీటు ఎక్కడికీ పోదు."

వెనక్కి వచ్చారు. యేసుపాదం తల పట్టుకుని, "లేదు" తీసేసి "వర్తించదు" అని రాశాడు. ప్రభుత్వ కాగితాల్లో అంతకంటే మర్యాదైన మాట అతనికి తెలియదు. మళ్ళీ బస్సెక్కారు. గుమాస్తా మళ్ళీ చదివాడు.

"గుత్తుల హిమజ వర్తించదు." ఈసారి అతనికే నవ్వొచ్చింది. కానీ కాగితం తిరిగి ఇచ్చేశాడు.

మూడోసారి నూకరత్నం యేసుపాదం దగ్గర ఆగలేదు. తిన్నగా కమిషనరు గదిలోకి వెళ్ళింది. కుర్చీల నిండా ఫైళ్ళున్నాయి కాబట్టి నిలబడే మాట్లాడింది.

"అయ్యా, నేను గుడ్డలు కుట్టుకునేదాన్ని. రెండు ముక్కలు కలపాలంటే అంచున కాస్త గుడ్డ వదలాలండి. వదలకుండా కలిపేస్తే మొదటి ఉతుక్కే చీలిపోద్ది. మా పిల్ల పేరు పక్కన ఆ కాస్త చోటూ వదిలెయ్యండి. మీకేం నష్టం?"

"ఇది కుట్టు మిషను కాదమ్మా, ప్రభుత్వం. ఖాళీలు ఉంచరాదు. ఆ గడిలో పేరు చెప్పండి, ఈ క్షణమే వేయిస్తాను."

"చెప్పనండి."

"తెలియదా?"

"తెలుసండి. చెప్పను." నూకరత్నం గొంతు పెంచలేదు. "ఇది ఆరో నెల కడుపులో ఉండగా వెళ్ళిపోయాడు. ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకుని, ఆ పిల్ల నాది కాదని నలుగురిలో అన్నాడు. కాదన్నవాడి పేరు నా బిడ్డ నెత్తిన ఎందుకు పెడతానండి? పద్దెనిమిదేళ్ళ నుంచీ ఆ చోటు ఖాళీగానే కాపాడుకుంటున్నాను."

వెనకే వచ్చి నిలబడిన హిమజ, తల్లి మొహంలోకి చూసింది. ఈ మాటలు ఆ పిల్ల ఇంత తిన్నగా వినడం అదే మొదటిసారి.

పరంధామయ్యగారికి జాలి కలిగింది. జాలి కలిగినప్పుడల్లా ఆయన ఒక ఉత్తర్వు జారీ చేస్తారు.

"ఇటువంటివి ఊళ్ళో ఎన్ని ఉన్నాయి?" అని యేసుపాదాన్ని పిలిచి అడిగారు.

"తండ్రి గడి ఖాళీగా ఉన్నవి రెండు వందల పన్నెండండి."

"అలాగా. స్థానం ఖాళీగా ఉంది. భర్తీ చేసే అధికారం మనకు లేదు. ఖాళీగా ఉంచే అధికారమూ లేదు. ఇటువంటి సందర్భంలో పరిపాలన ఏమి చేస్తుంది?"

పద్నాలుగేళ్ళ అలవాటు కొద్దీ యేసుపాదం నోట్లోంచి మాట జారిపోయింది. "ఇన్‌ఛార్జిని వేస్తుందండి."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. కానీ పరంధామయ్యగారు అప్పటికే కలం తీశారు.

ఉత్తర్వు సాయంత్రానికి టైపయింది. "తాటిలంక పురపాలక సంఘ పరిధిలో తండ్రి స్థానము ఖాళీగా నున్న 212 గడులకు, రెగ్యులరు తండ్రులు విధులలో చేరు వరకు, శానిటరీ ఇన్‌స్పెక్టరు శ్రీ మెల్లం పల్లాలరావు గారిని, వారి ప్రస్తుత విధులకు అదనముగా, తండ్రికి గల సర్వాధికారములతో ఇన్‌ఛార్జి తండ్రిగా నియమించడమైనది."

పల్లాలరావును ఎందుకు ఎంచుకున్నారంటే, ఆయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. సెలవులో ఉన్నవాడు అభ్యంతరం చెప్పలేడు.

మర్నాడు కౌంటరు దగ్గర యేసుపాదం నాలుగో సర్టిఫికెట్టు అందించాడు. నూకరత్నం కూడబలుక్కుని చదివింది. గుత్తులహిమజపల్లాలరావు.

"ఈ పల్లాలరావు ఎవరండి?"

"శానిటరీ ఇన్‌స్పెక్టరుగారమ్మా. ఇన్‌ఛార్జి."

"దేనికి?"

యేసుపాదం తల దించుకున్నాడు. "తండ్రికి."

నూకరత్నం కాగితాన్ని మడిచి, కౌంటరు లోపలికి తిరిగి తోసేసింది. హిమజ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, తీసేసుకుందామే. పేరేగా? నేను చేరిపోయాక ఇదంతా ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను," అంది నూకరత్నం. నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళాక హిమజ ఒక్కసారే అంది. "నువ్వు చూడకపోతే ఏమవుద్దమ్మా? నీ పట్టుదల వల్ల నా సీటు పోతే ఏం చేస్తావు?" నూకరత్నం మిషను ముందు కూర్చుంది కానీ, తొక్కలేదు. ఆ పిల్ల అడిగినదానిలో తప్పు లేదని ఆవిడకు తెలుసు.

అటు పల్లాలరావు సెలవు ముగించుకుని వచ్చేసరికి రెండు వందల పన్నెండు మంది పిల్లలున్నారు.

పల్లాలరావుకు యాభై రెండేళ్ళు. మెతకమనిషి. పెళ్ళై ఇరవై ఆరేళ్ళయినా పిల్లలు లేరు. ఉత్తర్వు తీసుకువెళ్ళి భార్య సుబ్బాయమ్మకు చూపించాడు. ఆవిడ మొదట చేట విసిరింది. తరవాత ఏడ్చింది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుని జాబితా తెమ్మని, పేర్లన్నీ ఒకటొకటిగా చదవడం మొదలుపెట్టింది.

"రేపు మూడో వార్డులో ఒకడి పుట్టినరోజుందండి. ఏడేళ్ళు. మనం ఏమీ పట్టుకెళ్ళకపోతే బాగుంటుందా?"

"అది ఆఫీసు ఉత్తర్వే, నిజం కాదు."

"మరి నిజం కానప్పుడు ముద్ర ఎందుకేశారు?"

మర్నాడు ఉదయం పల్లాలరావు చెత్త బళ్ళ దగ్గర హాజరు వేస్తుండగా, డెబ్బై నాలుగేళ్ళ పెచ్చెట్టి చలమయ్య అరటిపళ్ళ గెల ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. గెల కిందికి దించి, వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అయ్యో, పెద్దవారు! ఏంటండి ఇది?"

"మీరేనంట కదా మా నాన్న. మునిసిపాలిటీలో చెప్పారు," అన్నాడు చలమయ్య. "నేను పుట్టేనాటికే మా నాన్న పోయాడండి. ఎవడూ రాయించలేదు. పోన్లెండి, ఇన్నాళ్ళకైనా ఒకరు దొరికారు. నాదొక్కటే మనవి నాన్నా. నా కొడుకులిద్దరూ నా మాట వినట్లేదు. మీరొక్కసారి వచ్చి గట్టిగా చెప్పండి. మీకు మనవలే గదా."

చెత్త బండివాళ్ళు పారలు కిందపెట్టి నిలబడ్డారు. పల్లాలరావు ఏం చేయాలో తెలియక అరటిపండు ఒకటి తీసుకున్నాడు. సాయంత్రం చలమయ్య ఇంటికి వెళ్ళి, యాభై అయిదేళ్ళ పెద్ద మనవడికి బుద్ధి చెప్పి వచ్చాడు. ఇన్‌ఛార్జి అయినా బాధ్యత బాధ్యతే.

ఆ వారంలో ఆయన మూడు పేరెంట్స్ మీటింగులకు హాజరయ్యాడు. ఒక పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిగా కూర్చున్నాడు. రోజూ సాయంత్రం జాబితాలో నలుగురు పిల్లలను చూసి రావాలని సుబ్బాయమ్మ నియమం పెట్టింది. అలా పద్దెనిమిదో తారీఖున నూకరత్నం ఇంటికి వచ్చాడు.

గుమ్మంలో నిలబడి తన పేరు చెప్పగానే నూకరత్నం కత్తెర పక్కన పెట్టింది.

"ఓహో, తమరేనా తండ్రిగారు? ఏం బాబూ, తనిఖీకొచ్చారా?"

"నేను అడిగి తెచ్చుకున్న ఉద్యోగం కాదమ్మా," అన్నాడు పల్లాలరావు. "మీరు కాగితం తిరగ్గొట్టారని యేసుపాదం చెప్పాడు. రెండు వందల పన్నెండు మందిలో నన్ను వద్దన్నది మీరొక్కరే. క్షమాపణ చెప్పి పోదామని వచ్చాను."

ఆ మాటకు నూకరత్నం కోపం సగం తగ్గింది. స్టూలు మీద గుడ్డలు తీసి కూర్చోమంది. హిమజ మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని అడిగాడు.

"తప్పుగా అనుకోకండి. ఈ పిల్ల పుట్టినప్పుడు ఆ గడిలో మీరు అసలేం రాయమన్నారు?"

"నా పేరు రాయమన్నానండి," అంది నూకరత్నం. "కన్నది నేను, పెంచబోయేది నేను, నా పేరే రాయండి అన్నాను. అది తండ్రి గడమ్మా, అందులో ఆడ పేరు రాయకూడదు అన్నాడు ఆ రోజున్న గుమాస్తా. అయితే ఖాళీగా వదిలెయ్ అన్నాను."

పల్లాలరావు చాలాసేపు ఆలోచించాడు. జేబులోంచి ఉత్తర్వు తీసి, అద్దాలు పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచీ చదివాడు. ఉద్యోగంలో చేరాక ఒక ఉత్తర్వును అంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ చదవలేదు.

"తండ్రికి గల సర్వాధికారములతో అని రాశారమ్మా. గడిలో పేరు మార్చమని దరఖాస్తు పెట్టే హక్కు తండ్రికి ఉంటుంది కదా?"

మర్నాడు పది గంటలకు ముగ్గురూ కమిషనరు ముందు నిలబడ్డారు. పల్లాలరావు దరఖాస్తు అందించాడు. పరంధామయ్యగారు చదివి, రెండోసారి చదివారు.

"తండ్రి గడిలో తల్లి పేరా?"

"సర్క్యులరులో గడి ఖాళీగా ఉండకూడదని ఉంది గానీ, అందులో ఎవరుండాలో లేదు కదండి."

"అయితే మాత్రం, ఏదో ఒక సంప్రదాయం..."

"నేను ఇన్‌ఛార్జినేనండి. ఎన్నాళ్ళని చేస్తాను? ఇప్పటికి నా సెలవులన్నీ పిల్లలకే అయిపోయాయి. ఆ స్థానంలోకి రెగ్యులరు మనిషి వస్తానంటుంటే చేర్చుకోకపోతే, తమరే ఖాళీని పొడిగించినట్టు అవుతుందేమో."

పొడిగించినట్టు అన్న మాట పరంధామయ్యగారికి తగలవలసిన చోట తగిలింది. ఆయన యేసుపాదాన్ని పిలిపించారు.

"కంప్యూటరు ఒప్పుకుంటుందా?"

"దానికి ఆడా మగా తేడా లేదండి. ఏ పేరిస్తే ఆ పేరు అతికిస్తుంది," అన్నాడు యేసుపాదం. పద్నాలుగేళ్ళలో ఆ గదిలో అతను ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

"అయితే పద్ధతి ప్రకారం జరగనీ," అన్నారు పరంధామయ్యగారు. "ఇన్‌ఛార్జి బాధ్యతలు అప్పగించినట్టు పల్లాలరావు ఒక కాగితం. విధుల్లో చేరినట్టు ఈమె ఒక కాగితం."

పల్లాలరావు తన కాగితం రాశాడు. హిమజ తల మీద ఒకసారి చెయ్యి వేసి, సంతకం పెట్టాడు. యేసుపాదం తెల్లకాగితం, పెన్ను నూకరత్నం ముందు పెట్టాడు.

"'రెగ్యులరు తండ్రిగా ఈ రోజు పూర్వాహ్నం విధులలో చేరితిని' అని రాయండమ్మా. కింద తారీఖు వెయ్యండి."

నూకరత్నం వంగి, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది. తారీఖు దగ్గర ఆగలేదు. పరంధామయ్యగారు కాగితం అందుకుని ఉలిక్కిపడ్డారు.

"ఇదేమిటి? ఈ రోజు పంతొమ్మిది. మీరు పద్దెనిమిదేళ్ళ కిందటి తారీఖు వేశారేమిటి?"

"అది పుట్టిన రోజండి. ఆ రోజే చేరాను."

"వెనక తేదీతో చేరికా? అలా చేస్తే పద్దెనిమిదేళ్ళ సీనియారిటీ వస్తుంది మీకు!"

"రానివ్వండి," అంది నూకరత్నం. "చేశాను కదండి సర్వీసు."

పరంధామయ్యగారు ఫైళ్ళు నిండిన కుర్చీల వైపు చూశారు. నిలబడిన ఆ మనిషి వైపు చూశారు. నిబంధనల పుస్తకం తెరిచి, తండ్రుల సీనియారిటీ గురించి ఏమన్నా ఉందేమోనని వెతికారు. ఏమీ లేదు. కలం మూత తీసి, వెనక తేదీ మీదే ఆమోదించారు. సంతకం పెట్టాక, ఎందుకో తెలియదు, పక్క కుర్చీ మీది ఫైళ్ళు తానే ఎత్తి కింద పెట్టి, "కూర్చోండమ్మా, సర్టిఫికెట్టు వచ్చేదాకా" అన్నారు.

ఆ వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసింది. రెండు రోజుల్లో నూట అరవై మంది తల్లులు విధుల్లో చేరారు. కొందరు అమ్మమ్మలు, ఒక మేనమామ కూడా చేరారు. చలమయ్య మాత్రం తనకు ఇన్‌ఛార్జే బాగున్నాడని రాసిచ్చాడు. పల్లాలరావు సంతోషంగా ఒప్పుకున్నాడు. సుబ్బాయమ్మ ఇంకా సంతోషంగా ఒప్పుకుంది.

సర్క్యులరులో మొదటి మూడు పేజీలు ఆ మరుసటి నెల వచ్చాయి. ఖాళీలంటే ఉద్యోగాల ఖాళీలని వాటిలో ఉంది. వాటిని చదివి పరంధామయ్యగారు, ఆఫీసులో ఖాళీగా ఉన్న పదకొండు ఉద్యోగాలను ఎప్పటిలాగే ఖాళీగా ఉంచారు.

కానీ అంతకుముందే, ఇరవయ్యో తారీఖున, తల్లీకూతుళ్ళు మొదటి బస్సుకే కాలేజీకి వెళ్ళారు. హాలు నిండా ఆడపిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. గుమాస్తా కాగితాలన్నీ తీసుకుని దొంతర పెట్టి, ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. నూకరత్నం హిమజ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. మధ్యాహ్నం కావస్తుండగా గుమాస్తా ఒక కాగితం ఎత్తి, దగ్గరగా పెట్టుకుని చూసి, ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు.

"గుత్తులహిమజనూకరత్నం!"

ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఒక్కరే రావాలమ్మా," అన్నాడు గుమాస్తా.

హాలంతా నవ్వింది. నూకరత్నం కూడా నవ్వి, కూతురి వీపు మీద చిన్నగా ఒక తోపు తోసి, కూర్చుంది. హిమజ వరసల మధ్య నుంచి ఒక్కతే ముందుకు నడిచింది.